పలకకు ముందు పెరడు

అక్షరాభ్యాసమనగా తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది పలక. ఆ రాతిని త్రవ్వి, చీల్చి, నునుపుచేసి, చట్రము బిగించి దేశమునకు పంపిన యూరు మార్కాపురము. అట్టి ప్రాంతముననే "బిడ్డకు పలక యిచ్చుటలో తొందర వలదు" అనుట కొందఱకు వింతగా తోపవచ్చును. అయినను చెప్పక తప్పదు.

మూడేండ్ల బిడ్డను బడికి పంపుట నేడు పట్టణములయందేగాక పల్లెలయందును ఆచారమైనది. సాయంకాలమున బిడ్డ యింటికి రాగానే మనమడుగు ప్రశ్న "ఏమి వ్రాసితివి?" అనునదియే. "ఎంత పరుగెత్తితివి?" అని యడుగు తండ్రి యరుదు. వ్రాత వ్రేళ్ళ పని యని మన తలంపు. కాని వ్రేళ్ళకు మణికట్టును, మణికట్టునకు భుజమును, భుజమునకు నడుమును ఆధారములు. నడుము నిలువని పిల్లవాడు బల్లపై వ్రాలును. వానితోపాటు వాని యక్షరమును వ్రాలును. దీనికి మందు మఱియొక కాపీపుస్తకము గాదు. ఎక్కుట, దుముకుట, వ్రేలాడుట, బంతి విసరుట, ఇవియే మందు. మూడవయేట మెట్టునకొక పాదము చొప్పున నెక్కుటయు, నాలుగవయేట ఒంటికాలిపై గెంతుటయు సాధారణముగా నలవడును. కొందఱకు కొంచెము ముందు, కొందఱకు కొంచెము వెనుక. అయితే చోటును సమయమును ఇయ్యనిచో ఆ నేర్పు కుదురుకొనదు.

జర్మనీదేశమున ఫ్రోబెల్ 1840లో తన శిశుపాఠశాలకు "పిల్లల తోట" యని పేరిడెను. తోటను అచ్చటనే విడిచి, పేరును మాత్రము మనము దిగుమతి చేసికొంటిమి! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదేమనగా, మూడు నాలుగేండ్ల బిడ్డలు దినమునకు 180 నిమిషములైనను శరీరమును కదలింపవలెను. అందు 60 నిమిషములు ఒడలు వేడెక్కునట్టి యాటగా నుండవలెను. తెరయెదుట కూర్చుండుట గంటకు మించరాదు. మన శిశుపాఠశాలల దినచర్యలో ఆ 60 నిమిషములకు తావెక్కడ?

"పల్లెపిల్లలకు వేరే వ్యాయామమేల, గట్లవెంట తిరుగరా?" అని రైతుసోదరులనవచ్చును. ఒకప్పుడు తిరిగిరి. నేడు వీధిలో మోటారుసైకిళ్ళు, అరుగుమీద సెల్‌ఫోను. కోతికొమ్మచ్చి యాడుటకు చెట్టు చిక్కుట కష్టము. తొక్కుడుబిళ్ళ యొకటి మాత్రము ఏ ఖర్చును లేక నిలుపుకొనదగిన యాట. అంచులు అరగదీసిన పలకముక్కకన్న మంచి బిళ్ళ యుండునా?

మన ప్రాంతము బిడ్డల యొడలికి ఇదివఱకే యొక యపచారము చేసియున్నది. పలకల పరిశ్రమలో పసివారు పనిచేసిరి. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానము ననుసరించి ఆరంభించిన తొలి ప్రాజెక్టులలో మార్కాపురము పేరు చేరుటకు కారణమదియే. ఆనాటి ఘోరముతో నేటి బడిని సరితూచుట మా యుద్దేశము గాదు. కాని నాడు లేత యవయవములను అలయజేసిన మనమే నేడు వానిని కదలనీయక కట్టివేయుట న్యాయమా?

మఱియొక సంగతి. 1937లో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు వర్ణించినది నాటి నెల్లూరు జిల్లాలో. మన పొరుగుననున్న కనిగిరి, పొదిలి అప్పుడా జిల్లాలోనివే. నీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు చిరకాలము లోనికి పోయిన పండ్లను, హెచ్చైనచో ఎముకలను గూడ చెఱచును. మోకాళ్ళు వంకరయగుచున్న బిడ్డను, తోడివారు గెంతునప్పుడు వెనుకబడు బిడ్డను ముందుగా కనిపెట్టగలది ఆటస్థలముననున్న ఉపాధ్యాయినియే. కూర్చున్న బిడ్డలలో ఆ భేదము దాగిపోవును.

1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకములో మూడు మొదలు ఆరేండ్ల బిడ్డల పూర్వప్రాథమిక విద్య యొక భాగము. అయినను అద్దెయింటి వరండాలో నడచు అంగన్వాడీలో నెగురుటకు స్థలమేది? ఇందు పంచాయతులకన్న ముందు భూస్వాములు కదలవలెను. ఊరిప్రక్కన కళ్ళము ఏటికి చాల నెలలు వట్టిదై యుండును. ముండ్లేరి, రెండు బండ్ల యిసుక పోయించి, వేపచెట్టునకొక త్రాడు కట్టి, పాత టైర్లు నాలుగు వేయించినచో ఎండ ముదురకముందే పిల్లలు అచ్చట ఆడుకొందురు. పట్టణవాసులు ఫీజు చెల్లించుటకుముందు ప్రైవేటు బడివారిని తరగతిగది గాక పెరడు చూపుమని యడుగవలెను. పెరడు లేదన్నచో ఆ ఫీజును జేబులోనే యుంచుకొని వేఱొక బడి చూచుకొనవలెను.