బ్రోషర్‌లో పడని నీడ

కట్టని భవనాన్ని కట్టినట్టు చూపించడం నా వృత్తి. బిల్డర్ ఖాళీ స్థలాన్ని డ్రోన్‌తో ఫొటో తీయించి పంపుతాడు. ఆర్కిటెక్ట్ డ్రాయింగులు ఇస్తాడు. వాటితో కంప్యూటర్‌లో భవనాన్ని లేపి, ఆ ఫొటోలో కూర్చోబెట్టి ఇస్తాను. హోర్డింగుల మీద, ఆదివారం పేపర్లలో కనిపించే టవర్లు చాలావరకు ఇలా పుట్టినవే.

ఈ పనిలో భవనం కంటే దాని నీడే కష్టం. గోడలు, అద్దాలు ఎంత బాగా కుదిరినా కింద నీడ సరిగా పడకపోతే భవనం నేల మీద ఆనదు, తేలుతున్నట్టే ఉంటుంది. ఎండ ఎటు నుంచి వస్తోందో ముందు ఫొటోలోని కరెంటు స్తంభం నీడను చూసి పట్టుకోవాలి. నీడ ఉత్త నలుపు కాదు. ఎండ అందని చోటా ఆకాశపు వెలుగు పడుతుంది కాబట్టి అందులో కాస్త నీలం ఉంటుంది. గోడ మొదట్లో గీత గీసినట్టున్న అంచు, వంద మీటర్ల ఎత్తులోని పిట్టగోడ దగ్గరకొచ్చేసరికి నేల మీద మీటరుకు పైగా మసకబారుతుంది. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉండటమే అందుకు కారణం. ఎక్కువమంది తప్పేది ఇంకోచోట. ఫొటోలో అప్పటికే ఒక వేపచెట్టు నీడ ఉందనుకోండి. మన భవనం నీడ దాని మీదుగా వెళ్లినప్పుడు అక్కడ రెట్టింపు నలుపు రాకూడదు. చెట్టు ఆపేసిన ఎండను భవనం మళ్లీ ఆపేదేముంది? అంతమేర కొత్త నీడకు మాస్క్ వేయాలి. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట నేర్పేది ఇదే.

దీనికి గట్టి శాస్త్రమే ఉంది. 1998లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుడు పాల్ డెబెవెక్ ఒక పద్ధతి చెప్పాడు. అద్దంలా మెరిసే గోళాన్ని ఆ చోట పెట్టి రకరకాల ఎక్స్‌పోజర్లలో ఫొటోలు తీస్తే చుట్టూ ఉన్న వెలుగు కొలత మొత్తం దొరుకుతుంది. ఆ వెలుగులోనే వస్తువును రెండర్ చేయాలి. వస్తువు ఉంటే నేల ఎలా ఉంటుంది, లేకుంటే ఎలా ఉంటుంది అని రెండుసార్లు లెక్కకట్టి, ఆ తేడాను మాత్రమే ఫొటోకు కలపాలి. నీడ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. 2012లో ‘ఈగ’ చూసినప్పుడు సుదీప్ మొహం చుట్టూ తిరిగే ఆ కంప్యూటర్ ఈగను మనం నమ్మామంటే, దాని మీద పడిన వెలుగు ఆ గదిలోని వెలుగుతో కలిసింది గనకే.

సినిమాకు ఆ మాయ కోసమే టికెట్ కొనుక్కుంటాం. ఫ్లాటుకు ఇరవై ఏళ్లు ఈఎంఐ కడతాం.

ఒక బిల్డర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. “ఆ నీడ తీసేయండి మేడమ్, పిక్చర్ డల్‌గా ఉంది.” ఆ స్థలానికి దక్షిణాన పక్కవాళ్ల ముప్పై అంతస్తుల టవర్ ఉంది. దాని నీడ వీళ్ల పిల్లల పార్కు మీద నిలువునా పడుతోంది. డ్రోన్ ఫొటోలో ఉన్న నిజం నీడ అది. తీయనని చెప్పాను. తర్వాత హోర్డింగెక్కిన బొమ్మలో నీడ లేదు, టవరూ లేదు. ఆ చోట పచ్చగా చెట్లున్నాయి.

హైదరాబాద్‌లో వంద మీటర్ల టవర్ డిసెంబరు 21న మధ్యాహ్నం ఉత్తరానికి దాదాపు 86 మీటర్ల నీడ వేస్తుంది. అదే రోజు ఉదయం తొమ్మిది దాటాక 170 మీటర్లు. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నీడే ఉండదు. జూన్‌లో మిట్టమధ్యాహ్నం అదే టవర్ నీడ దక్షిణానికి తిరిగి పదకొండు మీటర్లకు మించదు. అంటే ఫొటోషాప్‌లో ఏదీ చెరపకుండానే, మే నెల మధ్యాహ్నపు ఎండ పెట్టి నీడను మాయం చేయొచ్చు. కొనేవాడు చలికాలంలో తడి తువ్వాలు ఆరేసుకునే బాల్కనీకి ఆ బొమ్మతో సంబంధమే ఉండదు.

మనవాళ్లు ఈస్ట్ ఫేసింగ్ అంటే అదనంగా డబ్బిచ్చి మరీ కొంటారు. ఆ తూర్పున నలభై మీటర్ల దూరంలో ఇరవై అంతస్తుల బ్లాకు అడ్డంగా ఉంటే, మార్చి నెలలో కింది అంతస్తుకు ఎండ పొడ తగిలేసరికి పది దాటుతుంది. సేల్స్ ఆఫీసులో వాస్తు గురించి గంటసేపు అడిగేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న అడగరు.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ మంచిదే. ప్రకటనలోనో బ్రోషర్‌లోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోతే పరిహారం ఇవ్వాలంటుంది, వద్దనుకుంటే వడ్డీతో సహా డబ్బు వెనక్కివ్వాలంటుంది. కానీ బొమ్మ కింద చీమ తలకాయంత అక్షరాలతో “ఇది చిత్రకారుడి ఊహ మాత్రమే” అని వేసేస్తున్నారు. ఊహ చిత్రకారుడిదని రాస్తే నాలాంటివాళ్ల మీదకు నెట్టేసినట్టే, ఆ ఊహ ఎవరు చేయించారో మాత్రం ఎక్కడా ఉండదు. లండన్‌లో ముఖ్యమైన దృశ్యాలకు అడ్డొచ్చే భవనాలకు అనుమతి అడిగేటప్పుడు, కెమెరా ఎక్కడ పెట్టారో సర్వే చేసి, ఏ రోజు ఏ వేళకు తీశారో రాసి, కొలతకు సరిపోయే బొమ్మ ఇస్తారు. మన రెండు రాష్ట్రాల రెరా సంస్థలూ ఇక్కడి బ్రోషర్లకు ఆ పాటి నిబంధన పెట్టాలి. ప్రతి రెండర్ కింద తేదీ, వేళ, దిక్కు వేయాలి. చుట్టుపక్కల ఉన్నవీ, అనుమతి వచ్చినవీ అయిన భవనాలను చెరపకుండా చూపాలి.

ఇది ఖర్చుతో కూడిన పని కాదు. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లోనే అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం ఇస్తే సూర్యుడు తన చోటికి తాను వచ్చి నిలబడతాడు. నిబంధన వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. అడ్వాన్సు కట్టే ముందు డిసెంబరు 21 ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడింటికి మీ బ్లాకు మీద నీడ ఎలా పడుతుందో మూడు బొమ్మలు ఇవ్వమని అడగండి. భవనం మోడల్ బిల్డర్ దగ్గర ఎలాగూ ఉంటుంది, మిగిలింది మాకు ఒక పూట పని.