సర్వరుగారికి మేలుకొలుపు

శ్రీశైలంలో శిఖర దర్శనం చేసుకుంటే పునర్జన్మ ఉండదంటారు. మనుషుల సంగతేమో గానీ, మేం దిగిన సత్రం కౌంటర్లోని సర్వరుకి మాత్రం ఆ పూట రెండు పునర్జన్మలు!

"సర్వరు పడుకుందమ్మా, కూర్చోండి" అన్నాడు కుర్రాడు. దోర్నాల ఘాట్‌రోడ్డు మలుపులకి వాంతులు చేసుకున్న పిల్లలు, మోకాళ్ళు పట్టుకున్న ముసలివాళ్ళు, సామాన్ల మీద మేమూ. కూర్చున్నాం. దాన్ని లేపాలంటే నంద్యాలలో ఉన్న సారు ఫోన్లో మంత్రం చెప్పాలిట. అడవిలో సిగ్నలు అంతంతమాత్రం. "సుడో... సిస్టమ్‌సీటీఎల్... రీస్టార్ట్... హెచ్‌టీటీపీడీ" అని ఆయన అక్షరమక్షరం వల్లిస్తుంటే, వీడు కేలండరు వెనక రాసుకుంటున్నాడు. చివర్న డీ అన్నాడా, బీ అన్నాడా?

మొత్తానికి కొట్టాడు. తెర మీద ఒక్క ముక్క రాలేదు. పని సవ్యంగా జరిగితే ఆ మహాతల్లి ఏమీ పలకదుట! అవలేదేమోనని వాడు మళ్ళీ కొట్టాడు. అప్పుడే లేచినది మళ్ళీ పడుకుని లేచింది. సగం నింపిన ఫారాలు హరీమన్నాయి.

ఇంటికొచ్చి మా మేనల్లుణ్ణి నిలదీశాను. హైదరాబాదులో సర్వర్లు మేపే ఉద్యోగం వాడిది. "అందరి చేతికీ తాళాలిస్తే కొంప మునుగుతుందత్తా" అన్నాడు. ఇదెక్కడో విన్నమాటే. మా అత్తగారు పదేళ్ళదాకా ఆవకాయ పాళ్ళు చెప్పలేదు, నా చేతిలో పడితే జాడీ బూజు పడుతుందని. పడలేదు.

విచిత్రం చూడండి. పాత పద్ధతిలో 'సర్వీస్ హెచ్‌టీటీపీడీ రీస్టార్ట్' అనేవారట. "చంటాణ్ణి లేపు" అన్నట్టు, అచ్చం మన వరస. 2010లో పుట్టిన సిస్టమ్‌డీ, 2014లో రెడ్‌హ్యాట్ ఏడో కూర్పులోకి వచ్చాక అక్కడ "లేపు చంటాణ్ణి" అయింది. (పాత మాట కొట్టినా వింటుందిట, అది వేరే సంగతి.) పైగా వెబ్ పేజీలు వడ్డించే ఆ పెద్దమనిషి ఇక్కడ హెచ్‌టీటీపీడీ, డెబియన్ వాళ్ళింట్లో అపాచీటూ. ఇవన్నీ ఆ కౌంటరు పిల్లాడు కంఠస్థం ఎందుకు పట్టాలి?

మేనల్లుడి మాటల్లో ఒక్కదాన్ని కాదనను. మాట కురచ చేసి, లోపల జరిగేది మరిచిపోతే ప్రమాదమే. రీలోడ్ అంటే పని ఆపకుండా కొత్త సెట్టింగులు చదువుకోవడం. రీస్టార్ట్ అంటే పూర్తిగా పడుకుని లేవడం. వడ్డన మధ్యలో ఇంకాస్త ఉప్పు తేవడానికీ, బంతినంతా లేపేసి కొత్త విస్తళ్ళు వేయడానికీ ఉన్నంత తేడా. సెట్టింగుల్లో తప్పుంటే, పడుకున్నది ఇక లేవకపోవచ్చు కూడానట.

అయితే? కుక్కరుకి సేఫ్టీ వాల్వు పెట్టి మన చేతికిచ్చారు గానీ, ఆవిరి శాస్త్రం చదువుకు రమ్మన్నారా? చిన్న స్క్రిప్టు చాలు. ముందు సెట్టింగులు సరిచూడాలి, తప్పుంటే ఆగిపోవాలి, లేకుంటే లేపాలి, ఆఖర్న "లేచింది" అని నోరు విప్పి చెప్పాలి. సుడోయర్స్ ఫైల్లో ఈ ఒక్క పనికే అనుమతి రాసి, స్క్రిప్టును కుర్రాడు దిద్దకుండా రూటు పేరనే ఉంచొచ్చు. తాళాలగుత్తి ఇవ్వకుండా పంచదార డబ్బా ఒక్కటీ అందించినట్టు.

ఇదంతా చెప్పింది వాడేనండోయ్, కాఫీ మీద కాఫీ తాగుతూ. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదురా?" అంటే, "ఎవరూ అడగలేదత్తా" అన్నాడు.

ఎవరడుగుతారు? కుర్రాడికి అడగొచ్చని తెలీదు. సామాన్ల మీద కూర్చున్న ముసలావిడకి అసలే తెలీదు. సరే, నేనడిగాను. కూర్చుని రాశాడు. "పేరేం పెట్టమంటావ్?" అన్నాడు.

"లేపు" అన్నాను. ఇంగ్లీషులో కొట్టినా నాలుగక్షరాలే.