కుంటను కొలవకుండా హిస్సాలు పంచొద్దు

అబ్బా చాలీస్వాఁ అయిన మర్నాడు మా ఇంటి వరండాలో జమీన్ తక్సీమ్ గురించి కూర్చున్నాం. భాయ్‌జాన్, నేను, ఆపా. అమ్మీ అబ్బా కంటే ముందే వెళ్లిపోయింది. కదిరి దగ్గర 10 ఎకరాల ఎర్రనేల. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. సూరె నిసా హిసాబ్ ప్రకారం ఐదు హిస్సాలు: మా ఇద్దరికీ నాలుగేసి ఎకరాలు, ఆపాకు రెండు. పది నిమిషాల్లో లెక్క తేలింది. మా ఖాందాన్‌లో ఆడబిడ్డకు అసలు హిస్సా అడిగే రివాజే లేదు కాబట్టి, ఇచ్చేస్తున్నామని మాకు లోపల కాస్త ఫఖ్ర్ కూడా ఉండింది.

ఏ రెండెకరాలు అన్న సవాల్ వచ్చినప్పుడు భాయ్‌జాన్ "కింద మూల, కుంట ఉన్న వైపు" అన్నాడు. దారికి దూరం. కుంట, గట్టు, తవ్విపోసిన మట్టి కలిపి 20 సెంట్ల దాకా సాగుకు పనికిరాదు. కుంటలో పూడు నిండిపోయి తుంగ మొలిచింది. ఆపా ఒక్క క్షణం ఖామోష్‌గా ఉండి "ఠీక్ హై, ఝగ్డా నక్కో" అంది. నేనూ తల ఊపాను. ఆ తల ఊపడం గురించే ఈ రోజు రాస్తున్నాను.

వేసవిలో ఆపా ఫోన్ చేసింది. "జేసీబీ అతను పూడిక తీస్తానంటున్నాడు, భాయ్‌జాన్ దాన్ని పూడ్చేసి బోరు వేసుకోమంటున్నాడు, నీ దూల్హాభాయ్ ప్లాస్టిక్ షీటు పరిపించమంటున్నాడు. నువ్వు చదువుకున్నోడివి, ఒకసారి చూసి చెప్పు" అని. ముగ్గురూ మష్వరా ఇచ్చారు. కుంటలో దిగి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ అంతవరకూ చూడలేదు.

ఆ కుంట ఉపాధి హామీ కింద తవ్వింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది కదా, ఆ తొలి సంవత్సరాల్లో అబ్బా అర్జీ పెట్టుకుని తవ్వించుకున్నాడు. పైన 20 మీటర్లు, అటూ 20 మీటర్లు, లోతు 3 మీటర్లు, గోడలు వాలుగా దిగి అడుగున 14 మీటర్ల చదరం. ఆ కొలతలతో నిండితే దాదాపు 876 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే 8 లక్షల 76 వేల లీటర్లు.

మే నెలలో ఎండిపోయి ఉన్నప్పుడు అడుగున ఐదు చోట్ల గుంతలు తీయించాను. పైన మెత్తటి నల్లటి ఒండ్రు, కింద గట్టి పాత అడుగు. ఆ రెండింటి తేడా పార తగిలితేనే తెలుస్తుంది. సగటున 1.2 మీటర్ల పూడు. అంటే 3 మీటర్ల కుంట 1.8 మీటర్లయింది. హిసాబ్ చేస్తే ఇప్పుడు పట్టేది 600 ఘనపు మీటర్లకు కాస్త తక్కువ. మూడో వంతు పోయింది, రెండు వంతులు ఉంది. "పనికిరాని కుంట" అని మేం ఏ దలీల్ మీద అన్నామో నాకిప్పటికీ తెలియదు.

జేసీబీ అతను అప్పుడే మొదలుపెడతానన్నాడు. నేను ఆపాను. పూడిక తీయడం చివరి పని. మొదటి సవాల్, అసలు నీళ్లు వస్తున్నాయా? కుంటకు నీళ్లిచ్చేది పైనున్న ఐదెకరాల వాలు. 40 మిల్లీమీటర్ల వాన పడి అందులో ఐదో వంతు పారిందనుకుంటే 160 ఘనపు మీటర్లు రావాలి. అలాంటి వానలు నాలుగు పడితే ఇప్పుడున్న కుంట నిండుతుంది. అనంతపురం వైపు ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల అటూఇటూ వానే అయినా, అలాంటి నాలుగు వానలు చాలా ఏళ్లు పడతాయి. మరి కుంట ఎందుకు నిండటం లేదు?

జూన్‌లో మొదటి గట్టి వానకు గొడుగు పట్టుకుని వాలు మీద నిలబడి చూశాను. ఇది ఎవరికైనా చెప్పే మొదటి సలహా: ఎండలో కాదు, వానలో చూడండి. బండిదారిని ఎత్తు చేసినప్పుడు కుంటలోకి వచ్చే కాలువ మీద మట్టి పడి మూసుకుపోయింది. నీళ్లన్నీ దారి పక్కనే వంకలోకి పోతున్నాయి. ఒక సిమెంటు గొట్టం, ఇద్దరు మనుషుల ఒక రోజు మెహనత్. అది చేయకుండా పూడిక తీసి ఉంటే ఆపాకు మిగిలేది లోతైన ఖాళీ గుంత.

రెండో సవాల్, వచ్చిన నీళ్లు నిలుస్తున్నాయా? దీనికి ఇంజనీరు అక్కర్లేదు, ఒక బక్కెట్టు చాలు. అక్టోబరులో కుంటలో నీళ్లున్నప్పుడు వాన లేని రోజులు చూసి, గీతలు పెట్టిన కర్ర ఒకటి నీళ్లలో పాతాం. ఒక బక్కెట్టులో నీళ్లు పోసి, కుంట అంచున సగం మునిగేలా నిలబెట్టాం. బక్కెట్టులో తగ్గేది ఎండకు, గాలికి ఆవిరైనది. కుంటలో అంతకంటే ఎక్కువ తగ్గితే ఆ ఎక్కువ నేలలోకో గట్టులోంచో పోతున్నట్టు. ఆ రోజుల్లో మోటారు పెట్టకూడదు, పశువులను దించకూడదు.

నాలుగు రోజుల్లో బక్కెట్టులో 20 మిల్లీమీటర్లు తగ్గింది. కుంటలో 104. అంటే రోజుకు 21 మిల్లీమీటర్లు కారిపోతోంది. అప్పటి నీటి మట్టానికి అది రోజుకు 7 వేల లీటర్లు. దూల్హాభాయ్ "చూశావా, షీటు వేయాల్సిందే" అన్నారు. కాస్త సబర్ చేద్దామన్నాను. నీళ్లు ఒక మట్టానికి దిగాక తగ్గడం ఉన్నట్టుండి నెమ్మదించింది. తర్వాతి నాలుగు రోజుల్లో బక్కెట్టులో మళ్లీ 20, కుంటలో 40 మాత్రమే. ఆ మట్టం ఏదో చూస్తే, అబ్బా కింద చేనుకు నీళ్లు వదలడానికి గట్టులో పెట్టిన పాత గొట్టం. కుంట అడుగు బాగానే ఉంది. గొట్టం చుట్టూ మట్టి వదులైపోయి, ఆ సందులోంచి కారుతోంది. గట్టుకు బయటి వైపు ఆ చోట మాత్రమే గడ్డి పచ్చగా ఉంది. మేం రోజూ దాని పక్కనుంచే నడిచాం.

అక్కడ గట్టు తవ్వి, బంకమట్టి పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసతో కొడితే సరిపోతుంది. కుంటంతా షీటు పరిచే ఖర్చులో అది ఎన్నో వంతు కాదు. షీటు వేయాల్సిన నేలలు ఉంటాయి, కాదనను. ఇసుకనేలలో కుంట నిలవదు. కానీ షీటు మీద జారిపడిన పిల్లవాడు పట్టు దొరక్క పైకి రాలేడు. అది వేసేవాళ్లు చుట్టూ కంచె, లోపలికి ముళ్లు వేసిన తాడు పెట్టకపోతే అది గుంత కాదు, ఖబర్.

షీటుకు ఇంకో మాట కూడా ఉంది. కింద చేను పడోసీ నాతో అన్నాడు: "మీ కుంట నిండిన ఏడు నా బావిలో నీళ్లు రెండు నెలలు ఎక్కువుంటాయి సార్." అడుగునుంచి రోజుకు ఇంకే ఆ 5 మిల్లీమీటర్లు మన హిసాబ్‌లో నుక్సాన్. అతని హిసాబ్‌లో తాగునీళ్లు. అనవసరంగా దాన్ని మూయించే హక్ మనకుందా అని నాకైతే దిల్ ఒప్పుకోలేదు. పారే నీళ్ల పక్కన వుజూ చేసినా ఇస్రాఫ్ వద్దని విని పెరిగినవాళ్లం. కానీ పడోసీ బావికి చేరే నీళ్లను ఇస్రాఫ్ అనరు.

మూడోది, ఎక్కువైన నీళ్లు ఎటు పోతాయి? మా కుంట మరవ తుమ్మచెట్టు వేర్లతో మూసుకుపోయి ఉంది. 2021 నవంబరు వానలకు చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు ఏమయ్యాయో చూశాం. అది పెద్ద కట్ట, ఇది చిన్న గట్టు. నీటి కాయిదా మాత్రం ఒకటే. దారి ఇవ్వకపోతే గట్టు మీదినుంచి పొర్లి, కోసేస్తుంది. మరవ శుభ్రం చేసి రాళ్లు పరవడం పూడికకంటే ముందు జరగాల్సిన పని.

ఇవన్నీ అయ్యాకే పూడిక. 270 ఘనపు మీటర్లకు పైగా మట్టి, ట్రాలీకి 3 అనుకున్నా 90 ట్రిప్పులు దాటుతుంది. ఆ ఒండ్రు మన ఎర్రనేలకు మంచి దవా. చేనుకు తోలుకుంటే ఖర్చులో కొంత తిరిగొచ్చినట్టే. ఒక్క హెచ్చరిక: పాత అడుగును గీకనివ్వొద్దు. జానెడు ఒండ్రు వదిలేసినా పర్వాలేదు, నీటిని ఆపేది అదే. లోతు ఇంకా పెంచుదామన్న హవస్‌తో కింద గరసునేల తగిలేదాకా తవ్వించి, నీళ్లు నిలవని కుంట చేసుకోవద్దు.

ఇంత చేస్తే వచ్చే ఫాయిదా ఎంత? ఎకరానికి 25 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 100 ఘనపు మీటర్లు కావాలి. ఇప్పుడున్న కుంట నిండితే, ఆవిరి, అడుగున మిగిలేవి, స్ప్రింక్లర్ గాలికి పోయేవి తీసేసి, నాలుగెకరాలకు ఒక తడి. పూడిక తీస్తే ఆరెకరాలకు. అంతే. కుంట ఉంది కదా అని వరి వేసుకునేవాళ్లకు అది ధోకా ఇస్తుంది. కానీ ఆగస్టులో వాన మొహం చాటేసి, వేరుశనగ ఊడలు దిగే వేళ మూడు వారాలు నేల ఎండితే, ఆ ఒక్క తడే పంటకు జాన్. పంట పండించడానికి కాదు, చావబోయే పంటను నిలబెట్టడానికి కుంట.

బోరు సంగతికి వస్తే, భాయ్‌జాన్‌కు నా జవాబ్ ఒకటే. బోరులో నీళ్లు పడతాయో లేదో డ్రిల్లింగ్ బిల్లు కట్టాక తెలుస్తుంది. కుంటలో ఎన్ని నీళ్లున్నాయో టేపు పెట్టి ఈ రోజే చెప్పొచ్చు. 2002 వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కూడా కావాలి. బోరు వద్దనడం లేదు. ఉన్నదాన్ని పూడ్చి, లేనిదాని కోసం కర్జ్ చేయడం వద్దంటున్నాను.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మేం "పనికిరాదు" అని ఆపా వైపు తోసిన ఆ మూల, పదెకరాల్లో కరువును కాసేపైనా ఆపగల ఒకే ఒక్క చోటు. అది తెలిశాక భాయ్‌జాన్ స్వరం మారింది. "కుంట అబ్బా తవ్వించింది, అందరిదీ కదా, ముష్తర్కాగా ఉంచుదాం" అన్నాడు. పనికిరానిదైనప్పుడు ఆపాది, పనికొచ్చేదైతే అందరిదీ! ఆ రోజు వరండాలో ఆపా ఎందుకు ఖామోష్‌గా ఉందో నాకప్పుడు అర్థమైంది.

భాయ్‌జాన్ పక్షాన ఒక మాట చెప్పాలి. ఇరవై ఏళ్లు ఆ చేనులో పనిచేసింది ఆయన. నేను టౌన్‌లో పాఠాలు చెప్పుకున్నాను, ఆపా అత్తవారింట్లో ఉంది. పంట ఎండినప్పుడు రాత్రుళ్లు నిద్రపోనిది ఆయనే. కుంట నీళ్లు ఆయన నాలుగెకరాలకు కూడా కావాలి. ఇది జాయజ్ మాటే. కానీ మెహనత్‌కు దాని ఉజ్రత్ వేరేగా లెక్కగట్టాలి. చెల్లెలి హిస్సాలోంచి కోసుకోకూడదు. తర్కాలో ఎకరాల సంఖ్య సరిపోయినంత మాత్రాన ఇన్సాఫ్ అయిపోదు. దారి పక్కన ఎకరం, వంక పక్కన ఎకరం ఒకటి కావు. విలువ కట్టకుండా తాడు పట్టి కొలిచి పంచితే, అల్లాహ్ ఇచ్చిన హిస్సాను కాగితం మీద ఇచ్చి చేనులో వెనక్కి తీసుకున్నట్టే.

నా రాయ్ ఇది. రెండే ఇన్సాఫ్ దారులు. ఒకటి, కుంట ఆపాదే. మాకు నీళ్లు కావాలంటే ఆమె రజామందీతో, ఖర్చులో మా వంతు భరించి తీసుకోవాలి. రెండోది, కుంటను ముగ్గురి ముష్తర్కాగా రాసుకుని, ఆ 20 సెంట్లకు బదులు ఆపాకు పైన మంచి నేల ఇవ్వాలి. ఏ దారైనా కాగితం మీద ఉండాలి: ఎవరి చేనుకు ముందు తడి, ఎన్ని గంటలు, మరవ ఎవరు శుభ్రం చేస్తారు, పూడిక ఖర్చు ఎవరిది. "మనలో మనకు కాగితాలేంటి" అనే ఖాందాన్‌లే రేపు కోర్టు మెట్లెక్కేది. మన పిల్లలు ఒకరి గడప ఒకరు తొక్కాలంటే మనం ఇప్పుడే రాసుకోవాలి.

కాలువ గొట్టం, గట్టు మరమ్మతు, మరవ ఈ వేసవిలో చేయిస్తున్నాం, ఖర్చు ముగ్గురం హిస్సాల ప్రకారం. తక్సీమ్ ఇంకా తేలలేదు. పోయిన జుమా రోజు మళ్లీ వరండాలో కూర్చున్నాం. ఈసారి కొలతలు రాసిన నోట్‌బుక్ ఆపా చేతిలో ఉంది. భాయ్‌జాన్ చాయ్ తాగుతూ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "నీకేం కావాలో నువ్వు చెప్పమ్మా" అన్నాడు. అబ్బా పోయిన తర్వాత ఆ సవాల్ ఆమెను ఎవరైనా అడగడం అదే మొదటిసారి. "ఆలోచించి చెప్తా" అంది ఆపా. ఝగ్డా నక్కో అని మాత్రం అనలేదు.