ఇచ్చిన మాట ఇద్దరిదీ

కబడ్డీలో కార్నర్ ఆడే అమ్మాయి, ఆమె పక్కన ఇన్ ఆడే అమ్మాయి చేయీ చేయీ పట్టుకుని నిలబడతారు. అవతలి రైడర్ కూత పెడుతూ లోపలికి రాగానే ఇద్దరూ ఒక్కసారే కదలాలి. నోటితో చెప్పుకునే వ్యవధి ఉండదు. వేళ్లు బిగిస్తే ‘ఆగు’ అని, గుంజితే ‘దూకు’ అని అర్థం. రోజూ పొద్దున్నే మైదానంలో మోకాళ్లు చెక్కుకుపోతూ నేర్చుకుంటే తప్ప రాని భాష అది. ఒకరు డుమ్మా కొడితే ఆ పూట ఇద్దరి ప్రాక్టీసూ పోయినట్టే.

బడి జట్టులో చేరే పిల్లలకు పీఈటీ సారు చెప్పే జాగ్రత్తలు మనకు తెలిసినవే: వేళకు రావాలి, రిఫరీతో వాదించకూడదు, చదువు వెనకబడకూడదు. వీటన్నిటికీ మూలం ఒకటుంది. జట్టులో చేరడమంటే తోటివాళ్లకు మాట ఇవ్వడం. సర్టిఫికెట్ కోసం చేరినా, ఇష్టంతో చేరినా ఆ మాట మాటే.

అది ఎక్కువ బరువయ్యేది బయట కూర్చునేవాళ్లకు. కబడ్డీ జట్టులో పన్నెండు మంది ఉంటే కోర్టులో దిగేది ఏడుగురే. మిగిలిన ఐదుగురూ ప్రాక్టీసులో మనసు పెట్టి పట్టుకోకపోతే మన రైడర్‌కు పట్టు విడిపించుకోవడం ఎప్పటికీ రాదు. ఒక జిల్లా పోటీలో, ఒక్క నిమిషం కూడా ఆడే అవకాశం రాని అమ్మాయిని చూశాను. అవతలి రైడర్ బోనస్ గీత వైపు వెళ్లే ముందు ప్రతిసారీ ఎడమకాలు కాస్త వెనక్కి లాగుతోందని కనిపెట్టి, విరామంలో నీళ్ల సీసా అందిస్తూ కెప్టెన్ చెవిలో చెప్పింది. ఆ జట్టులో బాధ్యత అంటే ఏమిటో అందరికన్నా బాగా తెలిసింది ఆమెకే అనిపించింది.

పిల్లలు మాట నిలబెట్టుకుంటున్నారు. తప్పుతున్నది పెద్దలమే. జూన్‌లో ‘ఆడుకో’ అన్న తండ్రే, పదో తరగతి పరీక్షలు దగ్గర పడగానే రేపటి నుంచి మైదానానికి వెళ్లొద్దంటాడు. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకుంటారు. మార్కులు అక్కర్లేదని నేను అనను. మానిపించే ఉద్దేశం ఉంటే మొదట్లోనే చెప్పాలి. నడిమధ్యలో లాగేస్తే చేయి పట్టుకుని నిలబడ్డ రెండో పిల్ల ఒంటరిదవుతుంది.

ఇంతకన్నా పెద్ద తప్పు వయసు దగ్గర జరుగుతోంది. స్కూల్ గేమ్స్‌లో 14, 17, 19 ఏళ్లలోపు విభాగాలున్నాయి. పుట్టిన తేదీ మార్చి పెద్దపిల్లవాణ్ని చిన్నవాళ్లలో దింపే పని పిల్లలది కాదు, పెద్దలది. 2010లో కేంద్ర క్రీడాశాఖ వయసు మోసాలను అరికట్టడానికి నియమావళి తెచ్చింది. దొరికితే ఆటకు దూరమయ్యేది మాత్రం ఆ పిల్లవాడే. దొరక్కపోతే, న్యాయంగా ఆడాల్సిన పద్నాలుగేళ్ల పిల్లవాడు ఇంట్లో కూర్చుంటాడు.

భద్రత సంగతీ అంతే. 2017 డిసెంబరులో పసిఫిక్ స్కూల్ గేమ్స్ కోసం ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వెళ్లిన మన బాలికల్లో ఒకమ్మాయి సముద్రంలో కొట్టుకుపోయి చనిపోయింది. ఆటకని పంపిన బిడ్డ తిరిగి రాలేదు. ఊరు దాటించి తీసుకెళ్లినప్పుడు పిల్లల మీద కన్నేసి ఉంచడం ఎవరి పని? 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. ఆ స్థలంలో పిల్లలకు తోడుగా నిలబడే మనిషి కూడా ఉండాలి కదా.

అందుకే జట్టులో చేరే రోజున పిల్లల చేత సంతకం పెట్టించుకునే కాగితం మీద పెద్దల వంతు కూడా రాయాలి. ఏ నెల వరకు ఆడనిస్తారో తల్లిదండ్రులు రాయాలి. పోటీలకు వెళ్లిన రోజుల్లో పోయిన పాఠాలు ఎవరు చెబుతారో హెడ్‌మాస్టర్ రాయాలి. అమ్మాయిల జట్టు పక్క జిల్లాకు వెళ్తే రాత్రి ఎక్కడ పడుకుంటారో, వెంట వెళ్లే టీచరమ్మ ఎవరో పేరుతో సహా అందులో ఉండాలి.