మెట్టసీమలో కృష్ణమ్మ

మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ, కర్ణాటక దాటి పాత మహబూబ్‌నగర్ జిల్లాలో అడుగుపెడుతుంది. తంగిడి వద్ద భీమ, అలంపురం దిగువన తుంగభద్ర వచ్చి కలుస్తాయి. ఐరోపాలోని రైన్ మీద నడిచినట్టు సరుకు ఓడలు ఇక్కడ నడవవు. పరిశ్రమకు ఈ నది ఇచ్చేది కరెంటు, నీళ్లు. జూరాల కేంద్రం సామర్థ్యం 234 మెగావాట్లు, శ్రీశైలం ఎడమగట్టుది 900. నాగార్జునసాగర్ దిగువన వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాల్లో సున్నపురాయి పుష్కలం. అందుకే సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ బారులుతీరాయి.

పొలాలు మాత్రం మిట్టన ఉన్నాయి, నది పల్లాన పారుతోంది. కాబట్టి నెట్టెంపాడు, కల్వకుర్తి వంటి ఎత్తిపోతలే పాలమూరు (మహబూబ్‌నగర్) రైతుకు దిక్కు. కృష్ణా జలాల్లో బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది; 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ వాటాయే రెండు రాష్ట్రాల తగవైంది.

తగవులో మరుగున పడుతున్నది నీటి నాణ్యత. హైదరాబాద్ మురుగును, ఫ్యాక్టరీల వ్యర్థాలను మోసుకొచ్చే మూసీ, వాడపల్లిలో అగస్త్యేశ్వరాలయం చెంతనే కృష్ణలో కలుస్తోంది. దారిపొడవునా నల్లగొండ రైతులు ఆ నీటితోనే వరి పండిస్తున్నారు. ఆ మురుగును నగరం దాటకముందే పూర్తిగా శుద్ధి చేయడం ప్రభుత్వ బాధ్యత.