అపరిచితుల దినచర్యలు - ఒక ఆలోచన

పరుల జాబు చదువరాదని పెద్దలు చెప్పుదురు. వ్రాసినవారు గతించి రెండు శతాబ్దాలు కావచ్చినప్పుడు ఆ నిషేధం సడలక తప్పదు. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర అట్టి గ్రంథం. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు పదవిలో ఉండిన ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినారు. దారిలో వ్రాసినదంతా మిత్రులైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపుచు వచ్చినారు. ఆయన 1836లో గతించగా, 1838లో ఆ మిత్రుడే దానిని అచ్చువేయించినాడు.

మన పరిశోధకులకు ఈ గ్రంథం ఒక గని. చరిత్రకారునికి ఊళ్ళ స్థితిగతులు కావలెను, భాషావేత్తకు వాడుకరూపాలు కావలెను. ఎవరికి కావలసినది వారు త్రవ్వుకొనిపోగా మిగిలేది ఆ మనిషి. మజిలీకి నీడ ఉన్నదా, నీళ్ళు మంచివా, అంగళ్ళలో ఏమి దొరుకును అన్నదే ఆయన చింత. ఇట్టి పుటలు విసుగు పుట్టించునన్నమాట నిజమే. వానిని దాటవేయవద్దని మాత్రం నా మనవి. ఇరవై మజిలీలు ఓపికతో చదివినవానికి తెలియకుండనే ఆ నడక అలవడును. తరువాత ఊరిలో నీళ్ళు ఎట్లుండునో అని వానికే బెంగ కలుగును!

ఈ ఆకర్షణకు కారణమేమి? ప్రబంధకవి అవతారికలోనే మనలను ఎదుట కూర్చుండబెట్టుకొనును. దినచర్య వ్రాయువానికి మన ఊసే లేదు. రేపేమి కానున్నదో వానికి తెలియదు, మనకు తెలియును. అభినవగుప్తుని మతంలో రసాస్వాదానికి సాధారణీకరణం కావలెను. వ్యక్తి, దేశ, కాల విశేషాలు కరిగిపోవలెను. ఇక్కడ అవేవీ కరుగవు. ఆ ఊరు ఆ ఊరే, ఆ బావి ఆ బావే. అయినను మనసు కదలును. దండి స్వభావోక్తిని ఆద్యాలంకృతి అన్నాడు. కుంతకుడు దానిని అలంకారమే కాదన్నాడు. ఈ వివాదంలో దినచర్యలను సాక్ష్యానికి పిలువవచ్చునని నా అభిప్రాయం. 1736 మొదలు 1761 వరకు పుదుచ్చేరిలో తమిళంలో సాగిన ఆనందరంగపిళ్ళై దినచర్యను గూడ, డూప్లే చరిత్ర కొరకే గాక, ఈ దృష్టితో చదువవలసి యున్నది.

వీరాస్వామయ్యగారికి మిత్రుడున్నాడు, 1941లో దిగవల్లి వేంకటశివరావుగారి వంటి సంపాదకుడు గూడ లభించినాడు. పేరులేనివారి మాట ఏమి? తాళపత్రం చివర వీపు వంగినది, మెడ పట్టినదని మొరపెట్టుకొను లేఖకుని శ్లోకం సంప్రదాయబద్ధమే కావచ్చును. దాని ప్రక్కనే సంవత్సరం, తిథి, ఎవరికొరకు వ్రాసినదీ ఉండును. అచ్చుప్రతులలో ఆ నాలుగు పంక్తులకు తరచు చోటుండదు. పల్లెటూళ్ళలో పాత ఇళ్ళు పడగొట్టునప్పుడు పద్దుపుస్తకాలు, యాత్రలలో వ్రాసికొన్న కాగితాలు తూకానికి పోవుచున్నవి.

ఒకే ప్రబంధంపై మరియొక వర్ణనావైభవం వ్రాయించుటకు బదులు, ప్రాచ్యకళాశాలలు ఒక్కొక్క విద్యార్థికి అట్టి పుస్తకం ఒక్కటి అప్పగింపవచ్చును. ఆ ఇంటివారి అనుమతి తీసికొనవలెను. జీవించియున్నవారి పేర్లు విడువవలెను. తక్కినదంతా, చాకలిపద్దుతో సహా, ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాయవలెను. తప్పులు దిద్దరాదు.