అమ్మాయిల హాస్టల్ ఎవరి చేతుల్లో ఉండాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చి, కౌన్సెలింగ్ ముగిసి, సీటు చేతికొచ్చాక గోదావరి జిల్లాల ఇళ్లలో అసలు చర్చ మొదలవుతుంది. అబ్బాయి విషయమైతే ‘ఎవరితోనైనా కలిసి రూమ్ తీసుకుంటాడులే’ అని అక్కడితో తేల్చేస్తారు. అమ్మాయి విషయమైతే హాస్టల్ దొరికిందా, ఎవరు నడుపుతున్నారు, గేటు ఎన్నింటికి వేస్తారు అని నలుగురి దగ్గరా వాకబు చేస్తారు. జవాబులు మనసుకు పట్టకపోతే సీటే మారిపోతుంది. కాకినాడలో కోరుకున్న కోర్సు వదులుకుని రాజోలు పిల్ల ఇంటికి దగ్గర్లో దొరికినదాంట్లో చేరుతుంది. కాలేజీలో చేరినవాళ్లకు లెక్క ఉంది. గది దొరక్క మానుకున్నవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

అమ్మాయిల చదువు పెరిగిందన్నది కంటికి కనిపిస్తున్న నిజం. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 4.33 కోట్ల మంది విద్యార్థులుంటే అందులో 2.07 కోట్ల మంది అమ్మాయిలు. కాలేజీ వయసు జనాభాతో పోలిస్తే ఉన్నత విద్యలో ఉన్నవారి నిష్పత్తి అమ్మాయిల్లో 28.5 శాతం, అబ్బాయిల్లో 28.3 శాతం. డెల్టాలో కొత్త చదువులూ వచ్చాయి. 2001లో భీమవరంలో అమ్మాయిల కోసమే ఒక ఇంజనీరింగ్ కళాశాల, 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, 2015లో తాడేపల్లిగూడెంలో నిట్, 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు. తరగతి గదులు కట్టడానికి చూపిన శ్రద్ధ పిల్లలు తలదాచుకునే గదుల మీద చూపలేదు. ఆ పని చాలావరకు ప్రైవేటు లేడీస్ హాస్టళ్లకు వదిలేశాం. మూడంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకుని, హాలుకు ప్లైవుడ్ అడ్డం పెట్టి, ఫైవ్ షేరింగ్ అని బోర్డు కడితే అది హాస్టల్ అయిపోతోంది.

రోజూ వెళ్లి రావచ్చు కదా అనేవారు కోనసీమ దారులు గుర్తుచేసుకోవాలి. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. కోటిపల్లి-నరసాపురం లైను మంజూరై రెండు దశాబ్దాలు దాటింది. చింతూరు, మారేడుమిల్లి నుంచి వచ్చే గిరిజన విద్యార్థినికి ఘాట్ రోడ్డు దిగి రాజమహేంద్రవరం చేరేసరికే సగం రోజు గడిచిపోతుంది. వీళ్లకు హాస్టలంటే చదువే.

చదువుకోవడానికి ఊరు విడిచి వచ్చిన పిల్లవాడికి ఇంత చోటు, ఇంత అన్నం పెట్టడం ఈ నేలకు కొత్త కాదు. వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ల కథలు మన తాతల తరం దాకా వినిపించేవి. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం, రాత్రికి సత్రం అరుగు. తర్వాత కులాల పేరిట హాస్టళ్లు వచ్చాయి. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ అందరికీ తెలిసిన ఉదాహరణ. తెలుగునాట ఎందరో వకీళ్లు, డాక్టర్లు, నాయకులు ఇలాంటి హాస్టళ్లలో పెరిగినవాళ్లే. అయితే ఆ అరుగులూ ఆ హాస్టళ్లూ ముందుగా అబ్బాయిల కోసం పుట్టాయి. వారాలబ్బాయి అనే మాట మనకుంది, వారాలమ్మాయి అని ఎవరూ అనలేదు.

ఆ లోటు తీర్చడానికి తొలి ప్రయత్నం రాజమహేంద్రవరంలోనే ఒక ఇంట్లో జరిగింది. 1881 డిసెంబర్ 11న సంఘ సంస్కర్త కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలివేసింది. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తానే నీళ్లు మోసి, వండి వడ్డించారు. దిక్కులేని చిన్న వయసు వితంతువులను ఆమె తన ఇంట ఉంచుకుని కనిపెట్టుకున్నారు. ఆడపిల్లలకు చదువు చెప్పే బడులు వీరేశలింగం పెట్టారని అందరం చెప్పుకుంటాం. ఆ పిల్లలకు నీడనిచ్చిన మనిషిని మాత్రం పక్కన నిలబెడతాం. నా దృష్టిలో డెల్టాలో మొదటి మహిళా హాస్టల్ నడిపినది రాజ్యలక్ష్మమ్మే. ఊళ్లో ఒక మహిళా కళాశాలకు ఆమె పేరుండడం ఎంతో సముచితం. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలంలో అమ్మాయిలను చేర్చుకోవడం కూడా ఇలాంటి ధైర్యమే.

అమెరికాలో ఈ సమస్యను విద్యార్థినులు వేరే దారిలో పరిష్కరించుకున్నారు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో గ్రీకు అక్షరాల పేర్లతో సొరోరిటీలనే విద్యార్థినుల సంఘాలున్నాయి. వాటిలో ఒకటైన ఆల్ఫా ఫై 1886లోనే సిరక్యూస్‌లో సొంత ఇల్లు కట్టుకుంది. ఆడవాళ్లకు అక్కడ ఓటు హక్కు కూడా సరిగా లేని కాలమది. సభ్యులు పెరిగే కొద్దీ పెద్ద ఇళ్లు కడుతూ వచ్చారు. చాలా చోట్ల ఆ ఇల్లు ఆ సంఘంలోనే చదివి వెళ్లిన పూర్వ విద్యార్థినుల కార్పొరేషన్ పేర ఉంటుంది. అప్పు తేవడం, మరమ్మతులు చూడడం వాళ్ల బాధ్యత. రోజువారీ వ్యవహారం లోపల ఉండే పిల్లలు ఎన్నుకున్నవారిది. 1998లో హ్యూస్టన్‌లో దక్షిణాసియా అమ్మాయిలు డెల్టా ఫై ఒమేగా అనే సంఘం పెట్టుకున్నారు. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ పేర్లు కొత్త కావు.

ఆ పద్ధతిలో చేదు కూడా ఉంది. ఎవరిని చేర్చుకోవాలో సంఘమే ఎంచుకుంటుంది. 2013లో అలబామా విశ్వవిద్యాలయంలో అన్ని అర్హతలున్న నల్లజాతి విద్యార్థినిని సొరోరిటీలు తిరస్కరించాయనీ, అందుకు కొందరు పూర్వ సభ్యుల ఒత్తిడే కారణమనీ విద్యార్థుల పత్రిక బయటపెట్టింది. గోలయ్యాకే తలుపులు తెరుచుకున్నాయి. ఇల్లు కట్టించిన చేతులే గుమ్మంలో అడ్డు నిలిచాయన్నమాట. కుల హాస్టళ్లు చూసిన మనకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

అందుకే యాజమాన్యాన్ని ప్రవేశం నుంచి వేరు చేయాలంటాను. విశ్వవిద్యాలయమో ప్రభుత్వ కళాశాలో స్థలాన్ని దీర్ఘకాలిక లీజుకివ్వాలి. పూర్వ విద్యార్థినులే ట్రస్టుగా ఏర్పడి భవనం కట్టి, నిర్వహించాలి. రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి, ఏలూరు సెయింట్ థెరిసా కళాశాల 1953 నుంచి ఎన్ని తరాల ఆడపిల్లలను పంపాయో ఆలోచించండి. గోదావరి జిల్లాల వాళ్లు విదేశాల నుంచి గుళ్లకూ కల్యాణ మండపాలకూ ఇస్తూనే ఉన్నారు, ఇవ్వమని అడిగితే హాస్టల్‌కూ ఇస్తారు. కానీ మంచం ఎవరికి దక్కాలన్నది దాతల చేతిలో ఉండకూడదు. ఇంటి దూరం, ఆదాయం, రిజర్వేషన్ నిబంధనలు చూసి కళాశాలే జాబితా ఇవ్వాలి.

మెస్ మాత్రం అమ్మాయిలకే అప్పగించాలి. డివైడింగ్ పద్ధతిలో నెల ఖర్చును తలా ఇంతని పంచుకోవడం మన విశ్వవిద్యాలయ హాస్టళ్లకు తెలిసిందే. బియ్యం బస్తా తూకం చూసి, కూరగాయల బిల్లు సరిచూసి, పప్పు నీళ్లలా ఉంటే అడిగే హక్కు తినేవాళ్లకు ఉండాలి. ప్రైవేటు హాస్టల్‌లో అడిగితే ‘నచ్చకపోతే ఖాళీ చేయమ్మా’ అనే మాటే వస్తుంది.

ప్రభుత్వం డబ్బు పెట్టలేదని అనను. 2020 ఫిబ్రవరిలో మొదలైన వసతి దీవెన పథకం ఐటీఐకి 10 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, డిగ్రీ ఆపైన 20 వేలు ఏడాదికి తల్లుల ఖాతాల్లో వేసేలా రూపొందింది. తల్లి ఖాతాలో వేయడం మంచి ఆలోచన. కానీ ఆ సొమ్ము అద్దెగా చేతులు మారిపోయింది, ఒక్క కొత్త మంచాన్నీ పుట్టించలేదు. 2024 జులైలో నెలకు 20 వేలు మించని, కనీసం 90 రోజుల బసకు జీఎస్టీ మినహాయించడం కూడా ఊరటే తప్ప కట్టడం కాదు. తమిళనాడు 2014లోనే మహిళలు, పిల్లల హాస్టళ్లపై ప్రత్యేక చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఇక్కడా ప్రైవేటు హాస్టళ్ల మీద అంత గట్టి పర్యవేక్షణ కావాలి.

ఇక గేటు సంగతి. భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని ఆంక్షలను హాస్టల్‌లో అమ్మాయిల మీద పెట్టకూడదని 2016లో యూజీసీ నిబంధనల్లోనే రాసింది. అయినా లైబ్రరీ తెరిచి ఉండగానే ఆడపిల్లల హాస్టల్ గేటు పడుతుంటే, ఆ లైబ్రరీ సగం మందికే పనిచేస్తున్నట్టు. తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది, దాన్ని తేలిక చేయను. వీధి దీపాలూ, రాత్రి బస్సూ, ఎవరు ఎక్కడున్నారో తెలిసిన తోటి పిల్లలూ ఆ భయానికి తాళంకన్నా మంచి జవాబు.

హాస్టళ్లు కట్టడానికి ఒక మంచి అవకాశం ముందుంది. 2027 జూన్ 26 నుంచి జులై 7 వరకు గోదావరి పుష్కరాలు. యాత్రికుల బస కోసం రెండు ఒడ్డులా పెద్ద ఎత్తున ఏర్పాట్లు జరగాలి. పన్నెండు రోజుల డేరాలకు పోసే సొమ్ములో కొంత పక్కా భవనాలకు మళ్లించి, ముందే అమ్మాయిల హాస్టళ్లుగా డిజైన్ చేయించాలని కోరుతున్నాను. గదికి ముగ్గురికి మించకుండా, మనిషికో బల్ల, బల్లకో ప్లగ్గు, అంతస్తుకు సరిపడా స్నానాల గదులు, మెస్‌కు వేరే వంటిల్లు. యాత్రికులు జులై మొదటి వారంలో ఖాళీ చేస్తారు. డిగ్రీ, ఇంజనీరింగ్ ప్రవేశాలు సాగేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే.